అలారం మోగితే ఎవరు వస్తారు?

ఇంటికి దొంగల అలారం పెట్టుకోవాలని అనుకున్నవాళ్ళు చాలామంది నేరుగా అంగడికి వెళ్తారు. ఏ కంపెనీది మంచిది, ఎన్ని సెన్సార్లు ఇస్తారు, ధర ఎంత అని అడుగుతారు. అవన్నీ అడగవలసినవే. కానీ వాటికంటే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మీరు ఊళ్ళో లేరు. రాత్రి రెండు గంటలకు మీ ఇంట్లో సైరన్ మోగింది. ఎవరు వస్తారు?

అమెరికాలో అయితే నెలనెలా డబ్బు కట్టించుకుని, ఇంటి అలారాన్ని దూరం నుంచి కనిపెట్టి, అవసరమైతే పోలీసులకు కబురు చేసే సంస్థలు ఊరూరా ఉన్నాయి. మన పెద్ద నగరాల్లోనూ అలాంటివి కొన్ని వచ్చాయి. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే దారిలో ఉన్న పాండూరులో మాత్రం ముందుగా వచ్చేది పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు. పోలీసులు వచ్చేది వాళ్ళు ఫోన్ చేశాకే. ఈ అధ్యాయంలో చెప్పే ప్రతి పనినీ, సైరన్ ఎక్కడ బిగించాలన్న దగ్గర్నుంచి ప్యానెల్‌లో ఏ నంబరు ముందు పెట్టాలన్న దాకా, ఆ వచ్చే మనిషిని మనసులో పెట్టుకుని చేయండి.

పాండూరు లాంటి ఊళ్ళ సంగతి చూడండి. ఒకప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారు, తలవాకిలికి తాళం పడటమే అరుదు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే బస్సో లోకల్ రైలో పట్టుకుని మద్రాసుకో శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకో వెళ్ళిపోతారు. పిల్లలు బడికీ కాలేజీకీ పోతారు. సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ. కొత్తగా వేసిన లేఅవుట్లలో ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య నాలుగైదు ఖాళీ ప్లాట్లు, వాటి నిండా సీమతుమ్మ. ఇంకొన్ని ఇళ్ళలో అవ్వాతాతలు మాత్రమే ఉంటారు, పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు. ఇక ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు పోయే రోజుల్లో ఏ ఇల్లు ఖాళీగా ఉందో ఊరందరికీ తెలుసు. తెలియకూడని వాడికి కూడా తెలుసు.

అలారం అనగానే అది ఇంజనీర్ల పని అని వెనక్కి తగ్గకండి. అమెరికాలో బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఉండే అగస్టస్ పోప్ అనే ఆయన 1853లో కరెంటు అలారానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక బ్యాటరీ, ఒక గంట, తలుపుకూ కిటికీకీ తీగలు. తలుపు తెరిస్తే తీగలు కలుసుకుని గంట మోగుతుంది. ఇప్పటి ప్యానెల్‌లో చిప్పు, సిమ్ము, యాప్ చేరాయి గానీ తలుపు దగ్గర జరిగే పని దాదాపు అదే. సెన్సార్ల తీగల్లో నడిచేది 12 వోల్టుల కరెంటు, అది షాకు కొట్టదు. జాగ్రత్త పడవలసింది ప్యానెల్‌కు వచ్చే 230 వోల్టుల వైపు ఒక్కటే. ఆ ప్లగ్ పాయింటు ఒక్కటీ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి. మిగతాదంతా స్క్రూడ్రైవర్ పట్టగలిగిన ఎవరైనా చేసుకోవచ్చు.

మీరే చేసుకోమని నేను గట్టిగా చెప్పడానికి కారణం డబ్బు ఆదా ఒక్కటే అనుకోవద్దు. బిగించడానికి వచ్చే కుర్రాడికి తీగలు తెలుసు. మీ ఇల్లు తెలియదు. రాత్రి మూడింటికి అవ్వ లేచి పెరట్లోకి పోతుందని, వంటింటి కిటికీ రెక్క వానాకాలంలో సరిగా పడదని, మధ్యాహ్నం పిల్లి హాలు మీదుగానే నడుస్తుందని అతనికి ఎవరు చెబుతారు? న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. డ్యూటీ వేళలు ఒక తీరున ఉండేవి కావు, ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చేది, పిలిస్తే పోలీసులు రావడం ఆలస్యమయ్యేది. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె తన తలుపుకు తనే ఒక ఏర్పాటు ఆలోచించింది. తలుపులో ఒకదాని కింద ఒకటిగా చూపురంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపలి గదిలో టీవీ తెర, కూర్చున్న చోటి నుంచే తలుపు గడియ తీసే మీట, సాయం పిలిచే మీట. 1969 డిసెంబరులో దానికి పేటెంటు వచ్చింది. ఇప్పుడు మనం వీడియో డోర్‌ఫోన్ అని కొంటున్నవాటికి పెద్దదిక్కు ఆ నర్సు ఆలోచనే. భయం ఏ వైపు నుంచి వస్తుందో ఆ ఇంట్లో ఉండే మనిషికే తెలుస్తుంది. మన ఇళ్ళలో పగలంతా ఇంటి పట్టున ఉండే ఆడవాళ్ళను ఈ పనికి దూరంగా పెట్టడం నాకు అసలు మింగుడుపడని విషయం. కాగితం పట్టుకుని ముందు కూర్చోవలసింది వాళ్ళే.

కాగితం మీద ఇల్లు

కొనేముందు ఒక కాగితం మీద ఇంటి పటం గీయండి. తలుపులు, కిటికీలు, మిద్దె మెట్లు, స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్ ఉన్న చోటు గుర్తు పెట్టండి. తర్వాత చీకటి పడే వేళ బయటికి వెళ్ళి, తాళం చెవి లేని మనిషిలా ఇంటి చుట్టూ తిరగండి. మన వైపు ఇళ్ళలో తలవాకిలికి టేకు తలుపు, గోద్రెజ్ తాళం, ముందు ఇనుప గేటు ఉంటాయి. పెరటి వైపు చూస్తే రేకు తలుపు, దానికి ఒక్క గొళ్ళెం. మిద్దె మీదికి మెట్లు బయటి నుంచే ఉంటాయి. పైన మెట్ల గది తలుపు ఎండకూ వానకూ నాని, కింద చెక్క ఊడివస్తూ ఉంటుంది. ఎవరైనా ఇంట్లోకి రావాలనుకుంటే టేకు తలుపుతో కుస్తీ పట్టరు, అటే వస్తారు.

అందుకని మొదటి ఖర్చు అలారం మీద పెట్టకండి. పెరటి తలుపునూ మెట్ల గది తలుపునూ బాగు చేయించండి, లోపలి వైపు అడ్డగడియ వేయించండి, బాత్‌రూమ్ వెంటిలేటర్‌కు కమ్మీలు బిగించండి. మనిషిని ఆపేది గడియ, కమ్మీ. అలారం చేసేది వాడి చేతిలో ఉన్న సమయాన్ని తగ్గించడం. తలుపు పగలగొట్టడానికి పది నిమిషాలు పట్టే ఇంట్లో, మొదటి నిమిషంలోనే సైరన్ మోగితే అది రక్షణ. ఒక్క తన్నుతో ఊడే తలుపుకు ఎంత ఖరీదైన సెన్సార్ పెట్టినా పక్కింటివాళ్ళు లేచి లైటు వేసేలోపు పని అయిపోతుంది.

కొనడానికి తిరువళ్ళూరు నుంచి లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగితే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ ఉంది. ప్యానెల్, సెన్సార్లు, సైరన్, తీగ, రెసిస్టర్లు అన్నీ ఆ ఒక్క వీధిలోనే దొరుకుతాయి. ఆన్‌లైన్లో కొన్నా ఫరవాలేదు. మూడు సంగతులు మాత్రం చూడండి.

ఒకటి సిమ్. చవక రకం ప్యానెళ్ళు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. జియోకు 2జీ లేదు కనుక ఆ ప్యానెల్‌లో జియో సిమ్ వేస్తే అది ఎప్పటికీ సిగ్నల్ పట్టదు. 4జీ, వోల్టీ ఉన్న ప్యానెల్ తీసుకోవడమే ముందుచూపు. ఏ కంపెనీ సిగ్నల్ మీ ఇంటి లోపల, ప్యానెల్ పెట్టబోయే గోడ దగ్గర బాగుంటుందో ఫోనుతో చూసి ఆ సిమ్ కొనండి. రెండోది వైరా, వైర్‌లెస్సా అన్నది. కొత్తగా కడుతున్న ఇల్లయితే గోడ పూత వేయకముందే పైపులు వేసి వైరు లాగించండి, ముప్పై ఏళ్ళు మాట్లాడక్కర్లేదు. కట్టేసిన ఇంటికి వైర్‌లెస్ సులువు. అయితే పాత రకం 433 మెగాహెర్ట్జ్ రిమోట్లు నొక్కిన ప్రతిసారీ ఒకే కోడ్ పంపుతాయి. ఆ సంకేతాన్ని పట్టుకుని మళ్ళీ వదిలే పరికరాలు చవగ్గానే దొరుకుతున్నాయి. రోలింగ్ కోడ్ ఉన్న రిమోటు ఉందో లేదో అడిగి తీసుకోండి. మూడోది అమెరికా నుంచి అబ్బాయి తెచ్చే పెట్టె. అక్కడి సెట్‌లకు తరచు 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే అది మాడిపోతుంది. రేడియో బ్యాండ్లూ వేరు, అక్కడి మొబైల్ కంపెనీకి కట్టేసిన మోడెమ్ ఇక్కడ పలకదు. ప్రేమతో తెచ్చినా దాన్ని పక్కన పెట్టి ఇక్కడ దొరికేదే కొనండి.

బిగించడం

తలుపులకు వాడేది మాగ్నెట్ కాంటాక్ట్. చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్కలు రెండు. తలుపు చట్రానికి బిగించే ముక్కలో సన్నని గాజు గొట్టం, దానిలో రెండు ఇనుప రేకులు ఉంటాయి. తలుపు రెక్కకు బిగించే ముక్కలో అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపూ అయస్కాంతం ఆ రేకులను కలిపి పట్టుకుంటుంది, కరెంటు తిరుగుతూ ఉంటుంది. తలుపు కాస్త తెరిస్తే రేకులు విడిపోతాయి, ప్యానెల్ మేలుకుంటుంది. పోప్ గారి అలారంలో తలుపు తెరిస్తే తీగలు కలిసేవి, ఇప్పుడు విడిపోతాయి. ఈ మార్పు వల్ల ఒక మేలు ఉంది. ఎవడైనా తీగ కత్తిరించినా సరే, కరెంటు ఆగిపోయి అలారం మోగుతుంది.

బిగించేటప్పుడు రెండు ముక్కల మధ్య ఎడం అర సెంటీమీటరు ఉంటే మంచిది. పెట్టె మీద రెండు సెంటీమీటర్లు అని రాసి ఉన్నా నమ్మి అంత వదలకండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు చెక్క ఉబ్బుతుంది, కీళ్ళు దిగుతాయి, ఎండాకాలంలో సరిగ్గా ఎదురెదురుగా ఉన్న ముక్కలు పక్కకు జరుగుతాయి. అర్ధరాత్రి గాలికి తలుపు కదిలి అలారం మోగితే, మూడోసారికి ఇంట్లోవాళ్ళే దాన్ని ఆపి పడేస్తారు. ఇనుప తలుపుకో, ఇనుప గేటుకో మామూలు కాంటాక్ట్ పనికిరాదు. ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేసుకుంటుంది. మెటల్ డోర్ కాంటాక్ట్ అని వేరే దొరుకుతుంది, అదే అడగండి.

వైరు వేసే సెట్ అయితే ప్రతి జోన్‌కూ ఒక చిన్న రెసిస్టర్ వస్తుంది. దాన్ని తీగ చివర, సెన్సార్ డబ్బా లోపల కలపాలి. తొందరలో ఉన్న మెకానిక్‌లు దాన్ని ప్యానెల్ లోపలే తగిలించి పోతారు. పైకి అంతా పని చేస్తున్నట్టే ఉంటుంది, కానీ దారిలో ఎవరైనా రెండు తీగలనూ కలిపేస్తే ప్యానెల్‌కు ఆ సంగతి తెలియదు. మీ ఇంట్లో ఇంతకుముందే ఎవరైనా బిగించి ఉంటే ప్యానెల్ మూత తీసి చూడండి. రెసిస్టర్లన్నీ అక్కడే వరసగా కనిపిస్తే, వాటిని వాటి చోటికి పంపించండి. తీగను ఇంటి కరెంటు వైర్లతో కలిపి ఒకే పైపులో లాగకండి. ఒక అడుగు ఎడంగా నడిపించండి.

మనిషి కదలికను పసిగట్టే పి.ఐ.ఆర్. సెన్సార్ దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మన ఎండ దానికి శత్రువు. అది కదలికను చూడదు, వేడిని చూస్తుంది. గోడ వేడికీ దాని ముందు నడిచే ఒంటి వేడికీ తేడా ఉంటేనే దానికి మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. మే నెలలో తమిళనాడులో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ళ వరసలో తిరుత్తణి పేరు తరచూ ఉంటుంది, 40 డిగ్రీలు దాటడం మామూలు. తలుపులన్నీ మూసి తాళం వేసిన ఇంట్లో, మిద్దె కింది గదిలో, సాయంత్రానికి గోడలే 36, 37 డిగ్రీలకు వస్తాయి. ఒంటి వేడికీ గోడ వేడికీ తేడా చెరిగిపోయిన ఆ వేళ మామూలు సెన్సార్ ముందు మనిషి నడిచినా అది పలకకపోవచ్చు. టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్న సెన్సార్ కొనడం కొంత మేలు. మైక్రోవేవ్ కూడా కలిపిన డ్యూయల్ సెన్సార్ కొంటే సరిపోతుందని అంగడివాళ్ళు చెబుతారు. మామూలుగా అందులో రెండూ పలికితేనే అలారం మోగుతుంది, కాబట్టి అది ఉత్తుత్తి మోతలను తగ్గిస్తుంది గానీ ఈ వేడి కష్టాన్ని తీర్చదు. నా తీర్పు ఇది: మన ప్రాంతంలో మొదటి కాపలా తలుపుల మాగ్నెట్లదే. పి.ఐ.ఆర్. వెనక నిలబడే రెండో మనిషి. దాన్ని ఇంట్లో చల్లగా ఉండే నడవలో, ఏడెనిమిది అడుగుల ఎత్తున, మూలకు బిగించండి. మనిషి దాని వైపు ఎదురుగా నడిచి వచ్చేకంటే దాని ముందు అడ్డంగా దాటేటట్టు పెడితే బాగా పట్టుకుంటుంది.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. పడమటి కిటికీకి ఎదురుగా, దేవుడి దీపానికి ఎదురుగా, ఫ్యాను గాలికి ఊగే కర్టెన్ పక్కన, ఎండకు కాగే రేకుల కింద పెట్టకండి. ఇక బల్లి. సెన్సార్ లోపలి సన్నని వెచ్చదనానికి దోమలు, చిన్న పురుగులు చేరతాయి, వాటి కోసం బల్లి వస్తుంది. దూరాన ఉన్న పిల్లిని లెక్కచేయని సెన్సార్‌కు, లెన్స్ మీదే పాకే బల్లి ఒక పెద్ద మనిషిలా కనిపిస్తుంది. డబ్బాకు వెనక తీగ వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో పూర్తిగా మూసేయండి. సెన్సార్‌కూ గోడకూ మధ్య బల్లి దూరే సందు లేకుండా చూడండి. నెలకోసారి మెత్తటి గుడ్డతో ముందుభాగం తుడవండి.

సైరన్లు రెండు కావాలి. లోపలిది వచ్చినవాడిని కంగారు పెట్టడానికి. బయటిది పక్కింటివాళ్ళను లేపడానికి, కాబట్టి అది మీ తలవాకిలి పైన అలంకారంగా ఉండక్కర్లేదు. ఎవరు వస్తారని మొదట తేల్చుకున్నారో వాళ్ళ పడకగది కిటికీ వైపు, సన్‌షేడ్ కింద, నిచ్చెన లేకుండా చేయి అందని ఎత్తున బిగించండి. మూత తీస్తే మోగే టాంపర్ స్విచ్, సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి.

ప్యానెల్‌కు నేర్పడం

ప్రోగ్రామింగ్ అనే మాట వినగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. ఇక్కడ కంప్యూటర్ భాష ఏమీ లేదు. ఇంటివాళ్ళ అలవాట్లను ప్యానెల్‌కు ఒక్కొక్కటే చెప్పడమే ఈ పని. బటన్లు నొక్కే ముందు కాగితం మీద ఒక పట్టిక రాయండి. ఒకటో జోన్ తలవాకిలి, రెండు పెరటి తలుపు, మూడు మిద్దె మెట్ల తలుపు, నాలుగు నడవలోని పి.ఐ.ఆర్., అయిదు మంచం పక్కన పెట్టే ఎమర్జెన్సీ బటన్.

ఇప్పుడు ఒక్కో జోన్‌కూ స్వభావం ఇవ్వాలి. తలవాకిలికి డిలే ఇవ్వండి, ఎందుకంటే మీరూ అక్కడి నుంచే వస్తారు, వచ్చి కీప్యాడ్ దగ్గర కోడ్ కొట్టడానికి సమయం కావాలి. తాళం తీసి, చెప్పులు విడిచి, చేతిలో సంచి కింద పెట్టి, లైటు వేసి కోడ్ కొట్టేసరికి ఎంత పడుతుందో నిజంగా నడిచి చూసుకోండి. 30 సెకన్లు చాలామందికి సరిపోతుంది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే 45 పెట్టండి. అంతకంటే పెంచితే లోపలికి దూరినవాడికీ ఆ సమయం దొరుకుతుంది. బయటికి వెళ్ళేటప్పటి గడువు 60 సెకన్లు. పెరటి తలుపుకూ మిద్దె తలుపుకూ డిలే వద్దు, తెరిచిన క్షణమే మోగాలి. నడవలోని సెన్సార్‌కు ఫాలోయర్ అనే రకం ఉంటుంది, కొన్ని పుస్తకాల్లో ఇంటీరియర్ అని రాస్తారు. మీరు తలవాకిలి తెరిచి వస్తే అది మీ డిలే అయ్యేదాకా ఆగుతుంది. తలవాకిలి తెరవకుండానే నడవలో మనిషి కనిపిస్తే వెంటనే మోగుతుంది. ఎమర్జెన్సీ బటన్‌కు 24 గంటల రకం, అలారం ఆపి ఉన్నా అది పనిచేస్తుంది.

మోడ్‌లు రెండు ముఖ్యం. 'అవే' (Away) మోడ్ అంటే ఇల్లు ఖాళీ, అన్ని సెన్సార్లూ మేలుకుని ఉంటాయి. స్టే అంటే మనుషులు లోపల పడుకుని ఉన్నారు, తలుపుల మాగ్నెట్లు మాత్రమే మేలుకుంటాయి, నడవలోని సెన్సార్ నిద్రపోతుంది. అలారం కొన్నవాళ్ళు చాలామంది ఊరెళ్ళినప్పుడే దాన్ని వాడతారు. రోజూ రాత్రి స్టే మోడ్ వేసుకోవడం అలవాటు చేసుకోండి. ఒంటరిగా ఉండే అవ్వాతాతలకు అసలు ఉపయోగం అక్కడే. వాళ్ళకు కోడ్ గుర్తుండదనుకుంటే రెండు బటన్ల రిమోటు ఇవ్వండి, ఒక బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించండి.

పెట్టె నుంచి వచ్చిన కోడ్ 1234 లాంటిదే ఉంటుంది, ఆ సంగతి ఆ ప్యానెల్ కొన్న ప్రతివాడికీ తెలుసు. యూజర్ కోడ్ మార్చి ఊరుకోకండి, ఇన్‌స్టాలర్ కోడ్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని కూడా మార్చాలి. దాన్ని వదిలేస్తే ముందు తలుపు మూసి వెనక తలుపు తెరిచి పడుకున్నట్టే. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. పనిమనిషికో, పాలవాడికో ఇంట్లోకి రాకపోకలు ఉంటే వాళ్ళకు వేరే కోడ్ ఇవ్వండి, మానేసిన రోజు అది ఒక్కటి తీసేస్తే చాలు. డ్యూరెస్ కోడ్ అనే వసతి మీ ప్యానెల్‌లో ఉంటే తప్పక పెట్టుకోండి. ఎవరైనా బెదిరించి అలారం ఆపమంటే ఆ కోడ్ కొట్టాలి. పైకి అలారం ఆగినట్టే ఉంటుంది, లోపల నుంచి ఫోన్లకు కబురు వెళ్ళిపోతుంది. ఇంట్లో అందరి చేతా ఒకసారి కొట్టించి చూపించండి.

ఫోన్ నంబర్ల వరసలో మొదటిది మీది కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. మీరు తిరుమల క్యూలో ఉంటే ఫోను లాకర్‌లో ఉంటుంది. పక్కింటివాళ్ళ నంబరు ముందు పెట్టండి, తర్వాత ఊళ్ళోనే ఉండే చుట్టాలది, తర్వాత మీది. పోలీసు నంబరును మాత్రం ప్యానెల్‌లో పెట్టకండి. ఒక మనిషి చూసి, నిజమని తేల్చుకుని, నోటితో చెప్పడమే సరైన పద్ధతి. చాలా ప్యానెళ్ళలో పది సెకన్ల మాట రికార్డు చేయవచ్చు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఈ చుట్టుపక్కల తెలుగిళ్ళు ఎన్నో ఉన్నాయి, అయినా మీ ఎదురింటివాళ్ళు తమిళం వాళ్ళు కావచ్చు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్నవాళ్ళకు వాళ్ళ భాషలో వినపడాలి. ముందు తమిళంలో, వెంటనే తెలుగులో, మీ పేరూ వీధీ చెప్పి, ఇంట్లో అలారం మోగుతోందని నిదానంగా రికార్డు చేయండి.

సైరన్ మోగే గడువు అయిదు నిమిషాలు దాటనివ్వకండి. ఇళ్ళున్న చోట రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెళ్ళు, పగలు 55 అని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. సైరన్ దగ్గర నిలబడితే 100 దాటుతుంది. మీరు ఊళ్ళో లేని రాత్రంతా అది ఆగకుండా మోగితే, సాయానికి రావలసిన వీధే మీ మీద విసుక్కుంటుంది. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ ఆపేయవచ్చు కనుక, వారానికోసారి ప్యానెల్ తనంతట తానే మీకు టెస్ట్ మెసేజ్ పంపేలా పెట్టండి. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందే తీసేయండి.

బ్యాటరీ ఆఖరున కలపండి, ఎరుపూ నలుపూ తారుమారు కాకుండా. లెక్క సులువు. ప్యానెల్, కీప్యాడ్, నాలుగైదు సెన్సార్లు కలిపి సుమారు 200 మిల్లీఆంపియర్లు లాగితే, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 35 గంటలు, నిజంగా ఒక రోజు వస్తుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను తీరం దాటినప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళున్నాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ప్యానెల్ ప్లగ్‌ను ఆ లైనులోంచి ఇప్పించండి. పడమటి గోడకు ప్యానెల్ బిగించకండి, ప్రతి పది డిగ్రీల అదనపు వేడికీ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. కొత్త బ్యాటరీ మీద తేదీ రాసి పెట్టండి, మూడేళ్ళకు మార్చండి.

అంతా అయ్యాక పక్కింటికి వెళ్ళండి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, బిగింపులో భాగం. పట్టపగలు వాళ్ళను పిలిచి సైరన్ ఒకసారి మోగించి వినిపించండి. మాట ఇలా ఉండాలి: "అన్నా, మేము రేపు తిరుత్తణికి పోతా ఉండాము, ఎల్లుండికి వచ్చేస్తాము. ఇది మోగితే నువ్వు లోపలికి మాత్రం పోవద్దు. మీ మిద్దె మీద లైటేసి, నలుగురిని కేకేసి, బయటి నుంచే చూసి నాకు ఫోన్ చెయ్. తలుపు తెరిచి ఉంటే ముందు పోలీసులకు చెప్పు." వాళ్ళు ఊరెళ్ళినప్పుడు మీరు అదే పని చేస్తానని కూడా చెప్పండి. ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే మీ స్టేషన్‌లో ఒక కాగితం రాసి ఇవ్వండి. సరిహద్దు దాటి నగరి, పుత్తూరు వైపు ఉన్నవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్.హెచ్.ఎం.ఎస్. యాప్ ఉంది. ఊరెళ్ళే ముందు అందులో నమోదు చేసి అడిగితే పోలీసులే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు తెలుస్తుంది.

నెలకొకసారి, జీతం వచ్చిన ఆదివారం అని గుర్తు పెట్టుకోండి, ప్యానెల్‌ను వాక్ టెస్ట్‌లో పెట్టి ప్రతి తలుపూ తెరిచి, ప్రతి సెన్సార్ ముందూ నడవండి. మే నెలలో ఈ పరీక్ష సాయంత్రం నాలుగింటికి, తలుపులు మూసిన ఇంట్లోనే చేయండి. ప్లగ్ తీసి బ్యాటరీ మీద ఒక గంట నడిపించండి. పిల్లల చేత చేయిస్తే ఇంకా మంచిది, వాళ్ళకు భయం పోతుంది, పని వస్తుంది.

ఎంత చక్కగా బిగించుకున్నా ఎప్పుడో ఒకసారి మీరు ఇంటికి వచ్చేసరికి తాళం పగిలి ఉండవచ్చు, తలుపు ఓరగా ఉండవచ్చు. అప్పుడు ఏం పోయిందో చూద్దామని లోపలికి అడుగు పెట్టకండి, ఇంట్లోవాళ్ళను పెట్టనివ్వకండి. వాడు ఇంకా లోపలే ఉండవచ్చు. దేనినీ ముట్టుకోకుండా వీధిలోకి వచ్చి, పక్కింటి ముందు నిలబడి, 112కి గానీ 100కి గానీ ఫోన్ చేయండి.